బావగారొస్తే లేవాలి

ఉమాశ్రీకి పెళ్లయి పదిహేడు రోజులు. పెద్దాపురంలోని అత్తవారింట్లో ఆమెకు నచ్చనిదంటూ ఇంకా ఏమీ దొరకలేదు. బీరువాలో ఒక అర తనదన్నారు. దాన్ని రోజుకు రెండుసార్లు ఊరికే తెరిచి చూసుకుంటోంది. సాయంత్రం ఉదయ్‌భాస్కర్ మిక్చర్ పొట్లం తెస్తే, తినడం అయ్యాక పొట్లం కాగితంలోని పాత వార్తను కూడా అతనికి చదివి వినిపిస్తుంది. ఇలా ఇంటినిండా కబుర్లు చెప్పే పిల్ల, బావగారు గడపలో అడుగుపెట్టగానే టక్కున నోరు మూసి లేచి నిలబడేది.

బావగారు వస్తే లేవాలనీ, ఆయన ఎదుట మాట బయటికి రాకూడదనీ మొగల్తూరులో బామ్మ బుల్లెమ్మగారు నూరిపోసి పంపించారు. ఉమాశ్రీ బీయస్సీ చదివింది కాబట్టి చెప్పింది చెప్పినట్టు పాటించింది. కొంగు భుజం మీదికి లాక్కుని, తల వంచుకుని, ఆయన దాటి వెళ్లేదాకా నిలబడేది. రోజుకు ఆరేడుసార్లు.

ఆ బావగారు ఆంజనేయులుకి పుట్టుకతోనే చూపు లేదు. బ్యాంకులో టెలిఫోన్ ఆపరేటరు. ఊళ్లో సగం మందిని, వాళ్లు "హలో" అనగానే పేరు పెట్టి పలకరిస్తారు.

ఆదివారం పొద్దున అత్తగారు శ్యామలాంబ చింతపండు పిసుకుతూ మామూలుగా చెప్పింది.

"మీ బావగారు రాజమండ్రికి ట్రాన్స్‌ఫర్ అడుగుతాడంటమ్మా. ఫ్రెండు తాతాజీ గది కూడా చూసిపెట్టాడంట."

"ఎందుకండీ అత్తయ్యగారూ?"

"నేనొస్తే ఆ పిల్ల మాట ఆగిపోతోంది, కళ్లులేనివాడితో ఎలా మసలాలో తెలీక ఇబ్బంది పడుతోంది, కొత్త కాపురానికి నేనెందుకు అడ్డం అంటాడు. ముప్ఫై ఆరేళ్లొచ్చాయి, నే చెబితే వింటాడా?"

ఉమాశ్రీ చేతిలో బెండకాయ అలాగే ఉండిపోయింది. ఇన్ని రోజులు తను చేసిన మర్యాద ఒక్క పూటైనా ఆయనకు చేరలేదు. చేరిందల్లా ఆ మౌనమే.

హాల్లోకి వెళ్లి మొగుడి పక్కన కూర్చుని అడిగింది.

"మీ అన్నయ్యగారొస్తే నేను లేస్తున్నానని ఆయనకి చెప్పలేదేంటండీ?"

"అందుకా లేస్తున్నావు?" అన్నాడు ఉదయ్‌భాస్కర్ పేపరు దించకుండా. "కాళ్లు పట్టేస్తున్నాయేమో అనుకున్నాను."

అంతలో ఆంజనేయులు ఫోను కోసం హాల్లోకి వచ్చారు. ఉమాశ్రీ లేచింది.

"బావగారూ, లేచి నిలబడ్డానండి."

ఆయన ఆగారు. "ఎందుకమ్మా?"

"మీరొచ్చారనండి."

"ఇవాళేంటి విశేషం?"

"రోజూ లేస్తున్నానండి. కొంగు కూడా కప్పుకుంటున్నాను. మీ ఎదుట మాట్లాడకూడదని మా బామ్మ చెప్పిందండి."

"మరిప్పుడు మాట్లాడుతున్నావే?"

"మీరు వెళ్లిపోతానన్నారంట కదండీ. మర్యాద చేసి చేసి బావగారిని ఇంట్లోంచి పంపించేశానంటే మా బామ్మ నన్ను గుమ్మం ఎక్కనివ్వదండి."

"ఇంకేం చెప్పింది మీ బామ్మ?"

"మీ ముందు నవ్వకూడదని చెప్పిందండి. అదీ పాటించాను."

"నవ్వితే వినిపించేదిగా. అదొక్కటైనా వదిలేయాల్సింది."

ఆయన ఫోను తీసి రాజమండ్రికి కలిపారు. "తాతాజీ, ఆ గది ఇంకెవరికైనా ఇప్పించెయ్యరా. లేదు, ఇల్లు బానే ఉంది. మా మరదలికి మాటలొచ్చంట, ఇప్పుడే తెలిసింది."

ఫోను పెట్టేసి, నాలుగడుగులు వేసి సరిగ్గా తన కుర్చీలో కూర్చున్నారు.

"ఇంకా నిలబడే ఉన్నావా?"

"ఉన్నానండి."

"కూర్చోమ్మా. నువ్వలా నిలబడుంటే నాకు కాళ్లు లాగుతున్నాయి."