మూడో గేరులో డెబ్బై

హనుమంతరాయుడి కారు పొగ వదులుతోందని మడకశిరలో అతనికి తప్ప అందరికీ తెలుసు. పొగ వెనకాల వస్తుంది కాబట్టి అతను చూడలేదు. అద్దంలో కనిపించినప్పుడు దుమ్మనుకున్నాడు. అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. వాన పడి నాలుగు నెలలైంది.

పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా రిటైరైన ఏడాదే అతను ఆ చిన్న పెట్రోలు కారును సెకండ్‌హ్యాండులో కొన్నాడు. ఆరేళ్లుగా ఇంటి నుంచి మార్కెట్టుకు, మార్కెట్టు నుంచి ఇంటికి, నెలకోసారి భార్య మల్లీశ్వరి పుట్టిన ఊరికి నడిపాడు. వేగం ముప్పై ఎప్పుడూ దాటించలేదు. అంత జాగ్రత్తగా నడిపే కారు పాడవుతుందని అతనికి ఎవరూ చెప్పలేదు.

సంగతి మల్లీశ్వరి చెల్లెలి కూతురి పెళ్లిలో బయటపడింది. షామియానా పక్కన నిలిపిన కారును, టెంపోకు దారి కావాలంటే, భోజనాల మధ్యలో తీయాల్సి వచ్చింది. స్టార్టు చేసి ఒకసారి రేజు చేశాడు. నీలం పొగ షామియానాలోకి నడిచి వచ్చినట్టు వచ్చింది. రెండో బంతిలో కూర్చున్నవాళ్లు ఆకుల ముందు నుంచి లేచారు. వంటాయన సాంబారు మాడిందేమోనని పరుగెత్తి వెళ్లి అడుగు దాకా గరిటె పెట్టి చూశాడు. మాడలేదు. పెళ్లికొడుకు తరఫు పెద్దాయన ఒకడు తుండుగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఎవురిదప్పా ఆ కారు?" అని అడిగాడు. మల్లీశ్వరి తెలియదంది.

తర్వాతి వారం ఇంకో చిక్కు వచ్చింది. కారుకు పదిహేనేళ్లు నిండుతున్నాయి, రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించాలి, దానికి పొగ పరీక్ష కాగితం కావాలి. బంకు దగ్గర పరీక్ష చేసే అతను గొట్టం పెట్టి, మిషను వైపు చూసి, కళ్లు తుడుచుకున్నాడు.

"సార్, ఇది కాయితం ఇచ్చే పొగ కాదు," అన్నాడు.

హిందూపురంలో ఒక మెకానిక్కు చూపిస్తే, బానెట్ ఎత్తకుండానే ఇంజన్ దించాలన్నాడు. హనుమంతరాయుడు కారును ముప్పైలో వెనక్కి తెచ్చి, బస్టాండు వెనకున్న షెడ్డులో పెట్టాడు. అది ఖాజా పీర్ అనే మెకానిక్కుది. ఆయనకు చూపు తగ్గినప్పటి నుంచి కూతురు షబీనాయే పని చూసుకుంటోంది. ముప్పై దాటిన మనిషి, ముక్తసరిగా మాట్లాడుతుంది.

"లీటరు ఆయిల్ ఎన్ని దినాలొస్తాది సార్?" అంది.

"పదహైదు దినాలు."

"ఆయిల్ యానాడు మార్చినారు?"

"మొన్ననే పోసినా."

"పోసింది కాదు. పాతది దించేసి కొత్తది పోసింది యానాడని."

హనుమంతరాయుడు గోడకున్న టైర్ల క్యాలెండరు వైపు చూశాడు. జవాబు వెంట వచ్చిన మల్లీశ్వరి చెప్పింది.

"దించిందే లేదు పాపా. కొన్నప్పటి నుంచీ పైన పైన పోస్తానే ఉండాడు. కడవలో నీళ్లు తగ్గితే పోసినట్ల."

షబీనా మూడు ప్లగ్గులూ విప్పి గుడ్డ మీద వరసగా పెట్టింది. మూడూ నల్లగా, తడిగా, జిడ్డుగా ఉన్నాయి. ప్లగ్గు తీసిన ఒక్కో రంధ్రంలో ఒత్తిడి చూసే మీటరు పెట్టి ఇంజన్ తిప్పింది. ముల్లు సగం కూడా ఎక్కలేదు. రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ తిప్పింది. ఈసారి ముల్లు బాగా పైకి లేచింది.

"రింగులు సార్," అంది. "పిస్టన్ చుట్టూ రింగులుంటాయి. గోడలకంటిన ఆయిల్ను గీకి కిందికి తోసేది వాటి పని. మసి పట్టి, మడ్డి కట్టి, అవి గాడిలోనే ఇరుక్కోని పోయినాయి. గీకడం లేదు. ఆయిల్ పైకి పోయి పెట్రోలుతో పాటు కాల్తాంది. కాలే కొద్దీ ఇంకా మసి. మసి పట్టే కొద్దీ ఇంకా ఆయిల్."

"మసి ఏంటికి పట్టింది?"

"మీరు మెల్లగా తోలబట్టి. ఇంజన్ బాగా వేడెక్కితే కదా ఆ మసి కాలిపోయేది. మీరు వేడెక్కేలోపల ఇంటికి పోతాండారు."

హనుమంతరాయుడు ముప్పై ఏళ్లు ఎద్దుల్నీ బర్రెల్నీ చూసిన మనిషి.

"అజీర్తి," అన్నాడు.

"అట్లే అనుకోండి."

"భేదిమందు ఉండాదా?"

"ఉండాది," అంది షబీనా. "ఇంజన్ దించేది చివరి మాట. ముందు మందేసి చూద్దాం."

ఆ సాయంత్రం మూడు రంధ్రాల్లోనూ మసిని కరిగించే ద్రావకం పోసింది. ఒక రోజంతా నానబెట్టింది. మర్నాడు ప్లగ్గులు పెట్టకుండా, పైన గుడ్డ కప్పి ఇంజన్ తిప్పితే, గుడ్డను తోసుకుని నల్లటి నీళ్లు క్యాలెండరు దాకా చిమ్మాయి. కింద బోల్టు విప్పితే ఆయిల్ ధారగా పడలేదు. పలచన చేసిన రాగి సంకటి లాగా ఆగి ఆగి జారింది. ఖాజా పీర్ కుర్చీలోంచి వంగి, వేలితో తాకి, వాసన చూసి, "యా అల్లా" అన్నాడు. షబీనా ఫిల్టరు మార్చి, కొత్త ఆయిల్ పోసి, ప్లగ్గులు బిగించింది.

"ఇంక అసలు వైద్యం," అంది. "హైవే ఎక్కి, మూడో గేరులో డెబ్బై. ముప్పావు గంట ఆగకుండా."

"డెబ్బైయా?"

"డెబ్బై."

"మూడోదాంట్లో ఇంజన్ అరుస్తాది కదమ్మా."

"అరవాల."

"నువ్వే తోలుకోని రాపో పాపా."

"నేను తోల్తే ఈ వారం బాగుంటాది సార్. మళ్లా తోలేది మీరే. ఆయిల్ చూసేదానికి నేను వెనక కూర్చుంటా. మీరే తోలండి."

మల్లీశ్వరి అప్పటికే ముందు సీట్లో కూర్చుని ఉంది.

పెనుకొండ దగ్గర హైవే ఎక్కి అనంతపురం వైపు తిరిగారు. హనుమంతరాయుడు మూడో గేరు వేశాడు. ముల్లు నలభై దగ్గరకొచ్చి ఆగింది. లారీలు దాటాయి, బస్సులు దాటాయి. గొర్రెల్ని ఎక్కించుకున్న టెంపో ఒకటి దాటిపోతుంటే గొర్రెలన్నీ అతన్నే చూసుకుంటూ పోయాయి.

"తొక్కండి సార్," అంది షబీనా.

"తొక్కుతాండా."

కాలు నిజంగానే దిగడం లేదు. ముప్పై ఏళ్లు అతను స్కూటరు మీద ఊరూరా తిరిగి ఆవులకు చూడి కట్టే సూదులు వేశాడు. ముందు, తన కాళ్ల దగ్గర ద్రవ నత్రజని క్యాను ఉండేది. అందులో ఎద్దుల వీర్యం గడ్డకట్టించి సన్న గొట్టాల్లో దాచి ఉండేది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది, తొందరలో ఉండి, ఒక కల్వర్టు దగ్గర క్యాను పడేశాడు. నత్రజని అంతా పొగలా లేచిపోయింది. అరవై మోతాదులు పనికి రాకుండా పోయాయి. పైఅధికారి మెమో ఇచ్చాడు, అతను దాన్ని మరిచిపోయాడు. ఆ పొద్దు ఎదకొచ్చిన ఆవుల్ని తోలుకుని రెండు ఊళ్ల నుంచి నడిచి వచ్చిన పదకొండు మంది ఆడవాళ్లు, సంగతి విని, ఒక్క మాట కూడా అనకుండా ఆవుల్ని తిప్పుకుని వెళ్లిపోయారు. దాన్ని మాత్రం మరవలేదు. ఆ రోజు నుంచి అతని బండి ముప్పై దాటలేదు. మల్లీశ్వరికి ఆ కథ పెళ్లయిన నెలకే తెలిసింది.

ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అంది. "ఏమప్పా. ఆ క్యాను దించి ఆరేండ్లాయ. బండిలో ఏమీ లేదు."

"నేనుండా కదమ్మా," అంది వెనక నుంచి షబీనా.

"నువ్వు పగలవు లే పాపా."

హనుమంతరాయుడు కాలు దించాడు. యాభై. అరవై. డెబ్బై. ఇంజన్ అరవడం మొదలుపెట్టింది. వెనకాల మొదట తెల్లగా, తర్వాత నీలంగా, ఆ తర్వాత నల్లగా పొగ లేచింది. షబీనా వెనకద్దం వైపు తిరిగి మోకాళ్ల మీద కూర్చుంది. కొండ కనబడలేదు, రోడ్డూ కనబడలేదు.

"వస్తాంది సార్, వస్తాంది! తగ్గించొద్దండి!" అంది. ఆమె అంత గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారి.

పావుగంట గడిచాక హైవే పోలీసు జీపు సైరనుతో పక్కకొచ్చి ఆపమంది. హెడ్ కానిస్టేబుల్ మంటలార్పే సిలిండరు పట్టుకుని దూకాడు.

"దిగండి, దిగండి! బండి కాల్తాంది!"

"కాల్లేదు సార్," అన్నాడు హనుమంతరాయుడు. "భేదిమందు ఇచ్చినాం."

"ఎవురికి?"

"ఇంజనుకు."

హెడ్ కానిస్టేబుల్ సిలిండరు దించలేదు. షబీనా దిగి రింగులు, మసి, నానబెట్టిన మందు అన్నీ వివరించింది. అతను విన్నాడు. తర్వాత హనుమంతరాయుడి వైపు తిరిగాడు.

"మీరేం చేస్తారు?"

"పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైనా."

హెడ్ కానిస్టేబుల్ సిలిండరు కింద పెట్టాడు. "మా అమ్మ గొర్రెలు నాలుగు దినాలుగా కుంటుతాండాయి సార్. మూతులు వాచినాయి. మేత ముట్టడం లేదు."

"నాలుక చూసినారా?"

"నీలంగా ఉండాది."

"నీలినాలుక. కుంటేవాటిని వేరే కట్టేయండి. రాగి గంజి తాపండి. రేపు పొద్దునే ఆసుపత్రికి తోలుకోని పోండి, ఆలస్యం చేయొద్దండి. అది దోమ కుట్టితే వచ్చేది. సాయంత్రం దొడ్లో వేపాకు పొగ వేయండి."

"పొగ," అన్నాడు హెడ్ కానిస్టేబుల్, కారును చూస్తూ.

"వేపాకుది."

అతను చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. "ఇంకా ఎంతసేపు తోలాల?"

"అరగంట," అంది షబీనా.

"ఎడమ పక్కే పోండి. వెనకొచ్చేవాళ్లు గుద్దుతారు. మేం లైటేసుకోని వస్తాం."

అలా పోలీసు జీపు వెనక కాపలాగా రాగా, హనుమంతరాయుడు మూడో గేరులో డెబ్బై నడిపాడు. రోడ్డు దాటడానికి నిలబడ్డ ఇద్దరు ముసలివాళ్లు ఎవరో పెద్దమనిషి పోతున్నాడనుకుని దండం పెట్టారు. మల్లీశ్వరి తిరిగి దండం పెట్టింది. ఇరవై నిమిషాలకు పొగ పలచబడింది. రాప్తాడు ఇంకా రాకముందే వెనక జీపులోని మనుషుల మొహాలు అద్దంలో తేటగా కనిపించాయి. జీపు ఒకసారి హారన్ కొట్టి వెనక్కి తిరిగింది.

టీ కొట్టు దగ్గర ఆపాక హనుమంతరాయుడు వెంటనే దిగలేదు. కుడికాలు ఇంకా తొక్కుతున్నట్టే ఉంది. మల్లీశ్వరి టీ గ్లాసు కిటికీలోంచి అందించింది.

"భయమేసిందా?"

"ఏసింది," అన్నాడు. ఒక గుక్క తాగాడు. "బాగుండాది కూడా."

షబీనా పొగ గొట్టంలో వేలు పెట్టి చూపించింది. నల్లగానే ఉంది గానీ పొడిగా ఉంది. ఆయిల్ కడ్డీ తీసి చూస్తే గీత నుంచి వెంట్రుకంతే దిగింది.

పొగ పరీక్ష కాగితం రెండో ప్రయత్నంలో వచ్చింది. మొదటిసారి మిషను సరిగా పనిచేయలేదని ఆ పరీక్ష చేసే అతను ఇప్పటికీ అంటాడు. హెడ్ కానిస్టేబుల్ తల్లి గొర్రెల్లో రెండు పోయాయి, మిగిలినవి కోలుకున్నాయి. అతను ఆ మాట చెప్పడానికి ఫోన్ చేసి, వాళ్ల పక్కింటి బర్రె గురించి కూడా అడిగాడు. రెండు వారాలకోసారి హనుమంతరాయుడు, మల్లీశ్వరి హైవే మీద ముప్పావు గంట పోయి వస్తున్నారు. పనేమీ ఉండదు. ఒకసారి ఆమె దారిలో పుచ్చకాయ కొంది.

లీటరు ఆయిల్ ఇప్పుడు రెండున్నర నెలలు వస్తోంది. అయితే పొద్దున స్టార్టు చేసినప్పుడు మాత్రం ఒక్క గుప్పెడు నీలం పొగ వస్తుంది. అదేంటని అడిగితే, అది రింగులది కాదు, వాల్వుల మీది రబ్బరు సీల్సు గట్టిపడినాయి, రాత్రంతా ఆయిల్ బొట్టు బొట్టుగా దిగుతాంది, కావాలంటే మారుస్తానంది షబీనా.

"పొద్దున ఒక్కసారే కదా?" అన్నాడు హనుమంతరాయుడు.

"ఒక్కసారే సార్."

"ఈ వయసులో నాకూ పొద్దున దగ్గొస్తాది. ఉండనీ," అన్నాడు. షబీనా చేతులు తుడుచుకుని పక్కనున్న ఆటో కిందికి దూరింది.