రేకుల చిల్లులో సూర్యుడు

సూర్యుడి వ్యాసం కొలిచి రమ్మంటే అనీసా కొలిచింది, అట్టకు చిల్లు పొడిచి దాంట్లోంచి పడే ఎండ మచ్చను బట్టి లెక్కగట్టి. మొదటిసారి ఇరవై లక్షల కిలోమీటర్లు వచ్చింది, రెండోసారి తొమ్మిది లక్షలు వచ్చింది. ఆ రెంటికీ మధ్యలో ఎక్కడో సూర్యుడు ఉండకపోడు. కానీ హారిక మేడం అలాంటి బేరాలకు ఒప్పుకునే మనిషి కాదు. డిగ్రీ రెండో సంవత్సరంలో ఖగోళ భౌతికశాస్త్రం పేపరు తీసుకున్నది పదకొండు మంది. పదిమంది రికార్డుల మీద సంతకాలు అయిపోయాయి. సోమవారంలోపు సరైన కొలత తేకపోతే అనీసాను ప్రాక్టికల్ పరీక్షకు కూర్చోనివ్వరు.

"నీ లెక్కలో తప్పు లేదమ్మా. చిల్లే మరీ దగ్గర," అంది మేడం. "మీటరు దూరంలో అట్ట పెడితే సూర్యుడి బొమ్మ వేలిగోరంత పడుతుంది. దాన్నేం కొలుస్తావు? బాగా ఎత్తున ఉన్న చిన్న చిల్లు వెతుక్కో. గుండ్రంగా లేకపోయినా ఫర్వాలేదు. కింద పడేది చిల్లు ఆకారం కాదు, సూర్యుడి బొమ్మ. గ్రహణం రోజున చూస్తే ఆ మచ్చలన్నీ కొడవళ్ళలా కనిపిస్తాయి."

రాసుకుంటున్న అనీసా చేయి ఆగిపోయింది. ఆ కొడవళ్ళ సంగతి ఆమె ఇదివరకే విన్నది. విని, చెప్పినవాళ్ళ నోరు మూయించింది కూడా.

చెప్పింది వాళ్ళమ్మ ఖుర్షిదా. ఏటుకూరు రోడ్డులో ఒక మిర్చి షెడ్డులో ఆమెది కాయలకు తొడిమలు తీసే పని. ఆరేళ్ళ కిందట డిసెంబరులో గ్రహణం పట్టిన రోజు మిగతా ఆడవాళ్ళెవరూ ఇళ్ళు కదల్లేదు. ఖుర్షిదా ఒక్కతే పనికి వెళ్ళింది. రేకుల చిల్లుల్లోంచి నేలమీద పడే ఎండ మచ్చలన్నీ కొడవళ్ళైపోయాయని మర్నాడు కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పింది. మేస్త్రి బుల్లయ్య, "కళ్ళల్లో కారం పడిందేమో చూసుకో," అని పగలబడి నవ్వాడు. అప్పటినుంచి షెడ్డులో ఆమె పేరు గ్రహణం ఖుర్షిదా. వాళ్ళు నవ్వితే నవ్వారు, పరాయివాళ్ళు. ఎనిమిదో తరగతి చదువుతున్న కన్నకూతురు కూడా, "ఆ మాట ఇంకెవరికీ చెప్పకమ్మా, నాకు సిగ్గుగా ఉంది," అంది. ఖుర్షిదా మరి చెప్పలేదు.

శనివారం పదకొండున్నరకు టేపూ తెల్ల అట్టా పట్టుకుని అనీసా షెడ్డు ముందు ఆటో దిగింది. రేకుల మీద ఇద్దరు మనుషులు తారు పూసి చిల్లులు పూడుస్తున్నారు. లోపల కాయలు తీస్తున్న ఖుర్షిదా చుట్టూ నేలమీద మూడే మూడు మచ్చలు మిగిలాయి.

"బాబాయ్, ఒక్క గంట ఆపించండి," అంది బుల్లయ్యతో.

"ఎందుకమ్మా? మబ్బు పట్టిందంటే సరుకంతా తడిసిపోద్ది."

"సూర్యుణ్ణి కొలవాలి. సోమవారానికి ఇవ్వకపోతే పరీక్ష పోతుంది."

బుల్లయ్య కూతుర్నీ తల్లినీ మార్చి మార్చి చూశాడు. "మీ ఇంటికీ సూర్యుడికీ ఏదో లంకె ఉన్నట్టుందే," అన్నాడు. అన్నాడు గానీ, పైకి చూసి కేకేశాడు. "ఒరేయ్, ముందు దిగి అన్నాలు తినండి. ఆ మూడూ తర్వాత చూద్దాం."

ఏ మచ్చను కొలవాలో అనీసాకు తెలియలేదు. ఖుర్షిదాకు తెలుసు. "స్తంభం పక్కది చూడు. పైన చిల్లు నలుచదరంగా ఉంటది, కందిగింజంత. దాని మచ్చకే అంచు తేటగా ఉంటది. గబగబా కానివ్వాలి, గుప్పెడు కాయలు తీసేలోపు దాని వెడల్పంత జరిగిపోద్ది."

అనీసా అట్టను ఎండకు ఎదురుగా వాల్చి పట్టుకుంది. గుండ్రటి వెలుగు అట్ట మీదికి వచ్చింది. పెన్సిలుతో ఒక అంచు గుర్తు పెట్టేలోపు రెండో అంచు కదిలిపోతోంది. రెండుసార్లు అలాగే అయింది. మూడోసారి ఖుర్షిదా ముందుకు వంగి రెండు బొటనవేలి గోళ్ళూ ఒకేసారి రెండంచుల మీద నొక్కింది. కాయల రంగు పట్టిన గోళ్ళు, అట్ట మీద రెండు ఎర్రటి గుర్తులు పడ్డాయి. టేపు పెడితే సరిగ్గా ఐదు సెంటీమీటర్లు.

ఇక చిల్లుదాకా దూరం కొలవాలి. ఎవరూ అడక్కుండానే బుల్లయ్య సంచులు కుట్టే దారం తీసుకుని నిచ్చెనెక్కాడు. ఆ వయసులో ఆయన ఎక్కుతుంటే ఆడవాళ్ళంతా పని ఆపి చూశారు. చిల్లు దగ్గర్నుంచి అట్టదాకా బిగించి లాగిన దారం ఐదువందల నలభై సెంటీమీటర్లు తేలింది.

అంటే మచ్చ వెడల్పుకు నూట ఎనిమిది రెట్ల దూరం. అసలు సూర్యుడి వెడల్పుకూ దూరానికీ కూడా అదే లెక్క. సూర్యుడు పదిహేను కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. అనీసా భాగించింది. పదమూడు లక్షల ఎనభై తొమ్మిది వేలు. పుస్తకంలో ఉన్నదానికి వెంట్రుకవాసి తేడా. ఇక మేడం సంతకం పెట్టక ఏం చేస్తుంది?

రికార్డు మూసేసి ఇంటికి వెళ్ళిపోవచ్చు. అనీసా వెళ్ళలేదు.

"బాబాయ్, ఈ మచ్చ చిల్లు ఆకారం కాదు. చిల్లు నలుచదరం, మచ్చ గుండ్రం. ఇది సూర్యుడి బొమ్మ," అంది, అందరికీ వినపడేలా. "గ్రహణం రోజు సూర్యుడు కొడవలిలా ఉంటే ఇదీ కొడవలిలాగే ఉంటుంది. అమ్మ చూసింది నిజం. మా కాలేజీలో అది పాఠం."

బుల్లయ్య నిచ్చెన తీసి గోడకు ఆనించాడు. "అయితే ఆరేళ్ళబట్టి నేను..." అన్నాడు. తలెత్తి చిల్లు వైపు చూస్తూ, "మళ్ళీ గ్రహణం ఎప్పుడు?" అని అడిగాడు.

"వచ్చే ఏడాది ఆగస్టులో. సాయంత్రం పూట, కొంచెమే పడుతుంది."

అన్నాలు తిని వస్తున్న మనుషులతో బుల్లయ్య, "ఒరేయ్, స్తంభం పక్క చిల్లు పూడ్చబాకండి," అన్నాడు.

"కారిద్ది కదా మేస్త్రీ?"

"కారితే కింద బకెట్ పెడతా. ఖుర్షిదమ్మ చెప్పిందాకా అది అట్టాగే ఉండాలి."

అనీసా తల్లి పక్కన గోనెపట్టా మీద కూర్చుని ఆమె ఎర్రటి చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఈ చేయి లేకపోతే తనకు కొలతా లేదు, పరీక్షా లేదు. అంతకంటే ముందు, తను నేర్చుకుంటున్నదాన్ని తనకంటే ముందే చూసిన మనిషి ఇంట్లోనే ఉంది.

"అమ్మా, ఆ రోజు ఏం చూశావో మొదటినుంచీ చెప్పు."

ఖుర్షిదా కూతురి ముఖంలోకి చూసింది. ఒళ్ళోని కాయలు పక్కకు నెట్టింది.

"పొద్దున తొమ్మిదిన్నర అయి ఉంటది," అని మొదలుపెట్టింది. అవతలి వరసలో కాయలు తీస్తున్న గుల్జార్ బేగం వినడానికి తన పట్టా వీళ్ళ దగ్గరకు జరుపుకుంది.