ఒక్క తెల్ల ఈక

కోళ్ల అందాల పోటీలో దర్జీ నల్లపుంజుకు మొదటి బహుమతి వచ్చింది. కాకి కూడా సిగ్గుపడేంత నలుపు. ఒంటి మీద ఒక్క ఈక రంగు తేడాగా ఉన్నా ఆ కోడిని కూరకు పంపేస్తూ, పన్నెండేళ్లకు సాధించిన నలుపది.

"దీనికి జోడీ పెట్ట ఉందా? ఈ జాతి ఇంకెక్కడా మిగల్లేదండీ," అన్నాడు బహుమతి ఇచ్చినాయన.

 దర్జీ ఆఖరి పెట్టను పోయిన నెలే కోయించాడు. రెక్కలో ఒక తెల్ల ఈక మొలిచింది మరి. చెల్లెలు కాళ్లావేళ్లా పడినా వినలేదు. రక్తంలో తప్పుంటే పిల్లలకూ వస్తుందన్నాడు. మంచి పెట్ట ఎక్కడైనా దొరక్కపోతుందా అనుకున్నాడు.

ఇంటికొచ్చి, ఈ జాతి ఇంకెక్కడా లేదన్న మాట చెల్లెలితో చెప్పాడు. అతను చాపిన బహుమతి కప్పును ఆమె అందుకోలేదు.

"అది రక్తంలో తప్పు కాదన్నయ్యా. గూటి తలుపు నేనే చూడకుండా వేసేశాను, రెక్క నలిగింది. ఆ దెబ్బ తగిలిన చోటే ఈక తెల్లగా మొలిచింది."

"అప్పుడే చెప్పి ఏడవొచ్చుగా!"

"నీకు చెప్పే ధైర్యం ఈ ఇంట్లో ఎవరికుంది?"

దర్జీ తలొంచుకుని పెరట్లోకి వెళ్లి గింజలు చల్లాడు. పుంజు ఒక గింజను ముక్కుతో పట్టింది, మింగలేదు. కింద పెట్టి, ఖాళీ గూటి వైపు తిరిగి, పెట్టను పిలవడం మొదలుపెట్టింది.