మరచెంబులో అమృత్‌సర్

భిలాయి సెక్టర్ 2లో కనకరత్నం పొద్దుటి పనులకి ఒక వరస ఉండేది. భర్త గోవిందరావుకి టిఫిను డబ్బా కట్టిచ్చి, అతను ఫస్టు షిఫ్టుకి సైకిలెక్కాక కుళాయి దగ్గర బిందెలు నింపుకునేది. ఆ తరవాత వరండాలోకొచ్చి, ఇత్తడి పళ్ళెం మీద కప్పిన గుడ్డ తీసేది. ఆ ఏడాది పళ్ళెంలో ప్రయాగ ఉంది. పడవలు, పూజలు చేయించే పండాలు, గట్టున ఆరేసిన చీరలు. కూర తరుక్కుంటూ కాసేపు చూసి మళ్ళీ గుడ్డ కప్పేసేది. లేకపోతే భిలాయి ఎండకి నీళ్ళు తొందరగా ఇగిరిపోతాయి.

గోవిందరావుది విజయనగరం. రైల్వేలో ఇంజనుకి బొగ్గేసే ఫైర్‌మన్‌గా చేరి, స్టీలు ప్లాంటు కడుతున్న రోజుల్లో ఇటొచ్చి, ప్లాంటు లోపల ఇంజను నడిపేవాడు. ఊళ్ళు చూడడమంటే అతనికి ప్రాణం. ఏటా సెలవు పెట్టి పెళ్ళాన్ని ఏదో ఒక ఊరు తిప్పుకొచ్చేవాడు. వెళ్ళిన చోటల్లా కనకరత్నం మరచెంబుతో నీళ్ళు ముంచి, మూత తిప్పి బిగించి ఇంటికి తెచ్చేది. పళ్ళెంలో పోస్తే, ఆ రేవులో నిలబడి చూసినట్టే అంతా కనబడేది. ఎప్పటి సంగతో కాదు, ఆ పూట అక్కడ జరుగుతున్నదే. మాటలు మాత్రం వినబడవు. ఆవిడ పుట్టింటి ఆడవాళ్ళందరూ తెచ్చే నీళ్ళు అంతే. వీధిలో ఎవరూ దాన్ని వింతగా చూడలేదు. గోవిందరావు కెమేరా కొంటానన్నప్పుడల్లా "మనకెందుకేటి?" అనేది కనకరత్నం.

అరవై ఏడులో, ఇంకా చలి పోకముందే, ఢిల్లీ, అమృత్‌సర్ చూసొద్దామన్నాడు గోవిందరావు.

పక్క క్వార్టర్లో క్రేన్ ఆపరేటరు బల్వంత్ సింగ్ ఉండేవాడు. అతని పినతండ్రి కూతురు గుర్నామ్ కౌర్ వాళ్ళింట్లోనే ఉండి వంటా, పిల్లలూ చూసుకునేది. ముప్ఫై అయిదు దాటినా పెళ్ళి కాలేదు. కనకరత్నానికి ఆ ఊళ్ళో ఉన్న ఒక్క స్నేహం ఆవిడే.

"మీ గుడికి ఎల్తున్నాం దీదీ. నీకేటి తేవాలి?" అని హిందీ, తెలుగు కలిపి అడిగింది కనకరత్నం.

గుర్నామ్ కౌర్ రొట్టెల పిండి కలుపుతోంది. తలెత్తలేదు. "ఏమీ వద్దు రత్నా. ఆ ఊరి స్టేషన్లోనే మా అన్న ఇందర్ నా చెయ్యి వదిలేసి పోయాడు. దేశం రెండు ముక్కలైన ఏడు. అమ్మా నాన్నా దార్లోనే పోయారు. మిగిలింది వాడొక్కడే."

"జనంలో తప్పిపోయాడేమో."

"వదిలేశాడు" అంది గుర్నామ్ కౌర్. "ఆ ఊళ్ళో మళ్ళీ అడుగు పెట్టనని అప్పుడే ఒట్టేసుకున్నాను."

ఢిల్లీలో ఎర్రకోట చూశారు, కుతుబ్ మినార్ చూశారు. చాందినీ చౌక్‌లో, మొగలు పాదుషా సిక్కుల గురువు తల నరికించిన చోట కట్టిన శీశ్‌గంజ్ గురుద్వారాకి వెళ్ళారు. గోవిందరావు తలకి జేబురుమాలు కట్టుకుంటే అది జారిపోతూనే ఉంది. చివరికి ఒక ముసలి సర్దార్జీ దగ్గరికొచ్చి, గట్టిగా ముడేసి, భుజం తట్టి వెళ్ళాడు.

అమృత్‌సర్‌లో చెప్పులు అప్పగించి, కాళ్ళు కడుక్కుని లోపలికి దిగితే చలువరాయి మంచుముక్కలా ఉంది. ఎదురుగా సరోవరం, దాని నడుమ బంగారు గుడి. గోవిందరావు ఎంత ఎత్తు, ఎవరు కట్టారు అని కనబడ్డ ప్రతివాడినీ అడుగుతున్నాడు. కనకరత్నం లంగరులో, అంటే వచ్చినవాళ్ళందరికీ ఊరికే అన్నం పెట్టే గుడి వంటశాలలో, పప్పూ రొట్టే తిని, ఊరికే లేచి రావడానికి మనసొప్పక కాసేపు రొట్టెలు ఒత్తింది. ఆమె రొట్టె గుండ్రంగా రాకపోతే పక్కావిడ నవ్వి, దాన్నే ముందు పెనం మీద వేసింది.

సాయంత్రం జలియన్‌వాలాబాగ్‌లో గోడ మీద తుపాకీ గుళ్ళ గుర్తులు చూశారు. జనం ప్రాణభయంతో దూకిన బావి దగ్గర కనకరత్నం చెంబు మూత తియ్యలేదు. మర్నాడు పొద్దున్న సరోవరానికి మళ్ళీ వెళ్ళి, పాత రేగుచెట్టు పక్క మెట్ల దగ్గర ముంచుకుంది.

భిలాయిలో పళ్ళెం నిండా బంగారం కదిలింది. సెక్టర్‌లోని సర్దార్‌లు షిఫ్టుకి వెళ్తూ గేటు దగ్గర సైకిలు దిగి, దణ్ణం పెట్టుకుని పోయేవారు. గుర్నామ్ కౌర్ మాత్రం చాలా రోజులు ఆ వరండా ఛాయలకి రాలేదు.

ఒకనాడు తోడుకి పెరుగు అడగడానికి వచ్చి, వద్దనుకుంటూనే చూసింది. రేగుచెట్టు దగ్గర ఒకతను బకెట్టుతో నీళ్ళు తోడి, నేల మీద చల్లి కడుగుతున్నాడు. నీలం తలపాగా, నెరిసిన గడ్డం, కొంచెం కుంటి నడక. ఎడం చేత్తో చల్లుతున్నాడు.

గుర్నామ్ కౌర్ పెరుగు గిన్నె కింద పెట్టేసింది. "మా ఇందర్."

"కుంటివాడా?"

"కాదు. అయినా వాడే. ఎడం చేత్తో తింటున్నాడని నాన్న కొట్టేవాడు." పళ్ళెం మీంచి చూపు తిప్పేసుకుంది. "బాగానే ఉన్నాడు కదా. ఉండనీ."

గిన్నె అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. మర్నాడు వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. చూసేది, వెళ్ళేది. ఇటు ఎండలు ముదిరి పళ్ళెంలో నీళ్ళు తగ్గుతున్నాయి. కుళాయి నీళ్ళు కలుపుదామంటే అందులో సెక్టర్ 2 తప్ప ఇంకేమీ కనబడదు.

"దీదీ, నువ్వు అతని చేతినే చూస్తున్నావు" అంది కనకరత్నం చివరికి. "అతని కళ్ళు చూడు."

ఇద్దరూ వంగి చూశారు. ఇందర్ ఒక బకెట్టు చల్లాడు. తలెత్తి, ముందునుంచి వెళ్తున్న ఒకావిడ మొహంలోకి చూశాడు. మళ్ళీ చల్లాడు. ఇంకొకావిడని చూశాడు. మగవాళ్ళు వెళ్తే తలెత్తడం లేదు. పిల్లల్నీ, ముసలమ్మల్నీ చూడడం లేదు. గుర్నామ్ కౌర్ వయసువాళ్ళు వచ్చినప్పుడే అతని చెయ్యి ఆగుతోంది.

"రోజూ అంతే" అంది కనకరత్నం. "నేను తెచ్చినకాడ్నుంచీ చూస్తన్నాను."

గుర్నామ్ కౌర్ అక్కడే గచ్చు మీద కూలబడి, చున్నీ నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఒట్టు గట్టున పెట్టి అమృత్‌సర్ వెళ్తానంటే బల్వంత్ సింగ్ ఒప్పుకోలేదు. ఇంట్లో వంట ఎవరు చేస్తారన్నాడు. వెతికేవాడైతే ఇన్నేళ్ళూ రాలేదేమన్నాడు. "భయ్యా, వంట మీ ఆవిడకొచ్చు" అంది గుర్నామ్ కౌర్. ఆ ఇంట్లో ఆవిడ ఎదురు చెప్పడం అదే మొదటిసారి. గోవిందరావు దుర్గ్ స్టేషన్‌కి తీసుకెళ్ళి, ఆడవాళ్ళ పెట్టెలో కూచోబెట్టి, తెలిసిన గార్డుకి అప్పజెప్పి వచ్చాడు.

కనకరత్నం పళ్ళేన్ని వంటింట్లో చల్లటి మూలకి మార్చింది. నీళ్ళు అడుగున పల్చగా మిగిలాయి. గుర్నామ్ కౌర్ గుడికి చేరాల్సిన పొద్దున్న పొయ్యి మీద అన్నం మాడుతున్నా లేవలేదు.

పళ్ళెంలోకి గుర్నామ్ కౌర్ వచ్చింది. ఇందర్ తలెత్తి ఆమెని చూశాడు. తరవాత వెనకాల వస్తున్నావిడని చూశాడు. గుర్తుపట్టలేదు. ఆమె ఆగకుండా సాగిపోయింది.

"ఆగు దీదీ" అంది కనకరత్నం పళ్ళెంతో.

ఆమె సరోవరం చుట్టూ తిరిగి మళ్ళీ అక్కడికే వచ్చింది. ఈసారి అతని ముందు నిలబడి ఏదో అంది. చిన్నమాటే, పెదాలు ఇలా కదిలి అలా ఆగాయి. అతని బకెట్టు జారి నీళ్ళు మెట్లమీదుగా పారాయి. అతను ఆ తడిలోనే కూచుండిపోయాడు. ఆమె కూడా కూచుంది. జనం వాళ్ళని తప్పించుకుని నడిచారు.

చాలాసేపటికి గుర్నామ్ కౌర్ మెట్లు దిగి నీళ్ళమీదికి వంగింది. ఆమె మొహం పళ్ళెమంతా నిండింది. కళ్ళు వాచి ఉన్నాయి. వేళ్ళు నోటి దగ్గర పెట్టి, తిన్నావా అని అడిగింది.

"తిన్నాను దీదీ" అని అబద్ధమాడింది కనకరత్నం.

రెండ్రోజులకి పళ్ళెం ఎండిపోయింది. మిగతా సంగతులు అమృత్‌సర్ వెళ్ళొచ్చిన చుట్టాలు చెబితే బల్వంత్ సింగ్ చెప్పాడు. ఆ రోజు జనం తోపులాటలో పడి ఇందర్ కాలు విరిగిందట. లేచేసరికి చెల్లెల్ని ఎవరో రైలెక్కించేశారు. శరణార్థుల శిబిరాలన్నీ వెతికాడు. బతికుంటే, ఏ ఊళ్ళో ఉన్నా, ఏదో ఒకనాడు ఈ గుడికి రాకుండా ఉండదనుకుని, ఆ నేల కడుగుతూ అక్కడే ఉండిపోయాడు.

గుర్నామ్ కౌర్ మళ్ళీ భిలాయి రాలేదు. మరుసటేడు అక్కడే లంగరుకి కూరగాయలు తోలే ఒకాయనతో పెళ్ళి కుదిరింది. ఆడపెళ్ళివారి తరఫున కూచోడానికి రత్నం రావాలని కబురంపింది. గోవిందరావు ఒకసారి చూసిన ఊరికి రెండోసారి సెలవు పెట్టడం అదొక్కసారే.