చివరి గోడ దగ్గర చోటు

సాయంత్రం ఆరూ నలభైకి ముఖిత్ కిటికీ దగ్గరికి వెళ్లి కింద ఆవరణలోకి చూశాడు. ఆఫీసు పెద్దాయన నల్ల కారు ఇంకా అక్కడే ఉంది. తిరిగొచ్చి కూర్చుని, ఎప్పుడో పూర్తయిపోయిన పట్టికను మళ్లీ తెరిచాడు.

"ఉందా?" పక్క బల్ల దగ్గర్నుంచి సగీరా అడిగింది. ఆమె ఆ ఆఫీసులో చేరి ఇరవై ఆరేళ్లయింది.

"ఉంది."

"ఈయన ఎందుకు కూర్చున్నాడు? పై అంతస్తు ఆయన వెళ్లలేదని. పై అంతస్తు ఆయన ఎందుకు కూర్చున్నాడు? రాజధాని నుంచి ఫోనొస్తుందేమోనని. రాజధానిలో వాళ్లు ఇళ్లకెళ్లిపోయి, ఈపాటికి మాంసం ముందు కూర్చుని ఉంటారబ్బాయ్."

"అయితే నువ్వెళ్లిపో అక్కా."

"నేనా? నాకు సిగ్గు లేదనుకున్నావా?"

గదిలో ఉన్న పదకొండు మందీ నవ్వారు. ఒక్కరూ లేవలేదు.

సిర్ దర్యా నది దిగువన వరి పండే ఆ ప్రాంతంలో కాలువల నీటిమట్టాలు నమోదు చేసే ఆఫీసు అది. ముఖిత్ చదివింది కాలువల ఇంజినీరింగే. మొదటి నాలుగేళ్లు రబ్బరు బూట్లు వేసుకుని తూముల దగ్గర తిరిగాడు. తర్వాత బాగా పనిచేస్తున్నాడని ఆఫీసుకు తెచ్చారు. ఇప్పుడు అతను నీటిని చూసి మూడేళ్లు దాటింది. తూముల దగ్గర్నుంచి వచ్చే అంకెల్ని ఒక పట్టికలోంచి ఇంకో పట్టికలోకి, అందులోంచి మూడోదానిలోకి ఎక్కిస్తాడు. ఇన్నాళ్లలో ఒక్క అంకె గురించీ ఎవరూ ఏమీ అడగలేదు. ఉద్యోగం ఎలా ఉందంటే "పర్వాలేదు" అంటాడు. ఆ మాట అనేటప్పుడు చేతులు జేబుల్లో పెట్టుకుంటాడు.

కారు ఏడూ యాభైకి కదిలింది. ముఖిత్ ఎనిమిదిన్నరకు ఇల్లు చేరాడు.

అతని ఇంట్లో ముందుగది మార్చి నెల నుంచి పొడుగవుతోంది. అతను ఆలస్యంగా వచ్చిన ప్రతి సాయంత్రానికీ గుమ్మానికి ఎదురుగా ఉన్న చివరి గోడ జానెడు వెనక్కి జరిగేది. బయట్నుంచి చూస్తే ఇల్లు ఎప్పటిలాగే ఉండేది. వెనకవైపు కోళ్ల గూడు కూడా అంగుళం కదల్లేదు. లోపల నేల మీద పరిచే భోజనాల గుడ్డ, దస్తర్‌ఖాన్, చాలక అతని తల్లి కుల్యాష్ బజారుకెళ్లి మరొకటి కొని పాతదానికి కలిపి కుట్టింది. జూన్‌లో ఇంకోదానికి వెళ్తే కొట్టువాడు, "ఎవరొచ్చారమ్మా, వియ్యంకులా?" అని అడిగాడు.

"లేదు నాయనా, మావాడే."

"అయితే ఇంకో నాలుగు మీటర్లు తీసుకెళ్లండి," అన్నాడతను. అతని అల్లుడు కూడా ఏదో ఆఫీసులో చేస్తున్నాడు.

ఏ ఇంట్లోనైనా ఇంటివాళ్లు కూర్చునేది గుమ్మం దగ్గర, చాయ్ నీళ్లు కాగే సమోవార్ పక్కన. చివరి గోడ దగ్గరి చోటు వచ్చిన అతిథులది. మొదట్లో, పాపం అలసిపోయి వచ్చాడు కదా అని కుల్యాష్ కొడుకును అక్కడ కూర్చోబెట్టింది. రెండు బొంతలు, వీపుకో దిండు. ముఖిత్‌కు అది బాగానే ఉండేది. నిజం చెప్పాలంటే కాస్త గర్వంగా కూడా ఉండేది. పగలంతా తల వంచుకుని కూర్చున్నవాడికి తల ఎత్తుకుని కూర్చోగల చోటు అదొక్కటే.

ఆగస్టు నాటికి గుమ్మం నుంచి అక్కడికి యాభై అడుగులు నడవాల్సి వచ్చింది. అతని భార్య రౌషన్ చాయ్ పట్టుకుని నడిచేది. అతిథికి గిన్నెలో సగమే పోయాలి. మళ్లీ మళ్లీ అడిగి పోస్తేనే మర్యాద. నిండుగా పోశారంటే ఇక బయల్దేరమని అర్థం. కాబట్టి ఆమె పూటకు ఆరేడు సార్లు సగం గిన్నెలతో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగేది. ఎప్పటి నుంచో గానీ, అతన్ని మీరు అనడం మొదలుపెట్టింది.

ఏడేళ్ల ఇంకార్ చెంబూ పళ్లెమూ తెచ్చి అతని చేతుల మీద నీళ్లు పోసేది.

"దారిలో ఇబ్బందేం కాలేదు కదా, అగా?" అని అడిగేది, బయటి పెద్దవాళ్లను అడిగినట్టే.

"నేను మీ నాన్నని కదే!" అన్నాడొకసారి.

"అవునండీ," అంది పిల్ల మర్యాదగా, తువ్వాలు అందిస్తూ.

ఆగస్టులోనే గొర్రెను కోసినప్పుడు, అతిథికి పెట్టే తలకాయ అతని ముందే పెట్టారు. అతిథులు చేసేట్టే చెవి కోసి పిల్ల చేతికిచ్చాడు. "మీ దయ" అని చెప్పి పిల్ల యాభై అడుగులూ పరిగెత్తుకుంటూ వెళ్లి వాళ్లమ్మ పక్కన కూర్చుని తింది.

"ఇంట్లో అంతా బాగున్నారా?" అని గొంతు పెంచి అడిగేవాడు ముఖిత్.

"అంతా క్షేమం, మీరు తినండి," అని గుమ్మం వైపు నుంచి జవాబొచ్చేది.

సెప్టెంబరు మొదటి బుధవారం మధ్యాహ్నం సగీరా తన డబ్బాలోంచి ఎండు ఆప్రికాట్లు అతని ముందు పోసి, "ఇవి మీ అమ్మాయికి. కుట్లు మానుతున్నాయా?" అంది.

ముఖిత్ ఆమె వంక చూశాడు.

"మా అక్క కూతురు ఆ వార్డులోనే నర్సు. నిన్న ఇంటికి పంపేశారట కదా. అపెండిసైటిస్ అంటే మాటలా? శుక్రవారం ఇంకో గంట ఆలస్యమైతే పగిలిపోయేదట. బంగారంలాంటి పిల్ల, కిక్కురుమనలేదట."

"అవును," అన్నాడు ముఖిత్. "పర్వాలేదు. తగ్గింది."

చెవులు కాలిపోయాయి. ఆప్రికాట్లు జేబులో వేసుకుని పట్టిక వైపు తిరిగాడు. అంకెలు కనబడుతున్నాయి గానీ అతను లెక్కపెడుతున్నది రోజుల్ని. శుక్రవారం నుంచి సోమవారం దాకా నాలుగు పూటలు. శని, ఆదివారాల్లో కూడా కారు కదిలేదాకా ఆఫీసులోనే ఉన్నాడు. ఆ నాలుగు పూటలూ చాయ్ తెచ్చింది తల్లి. శుక్రవారం రౌషన్ ఏదని అడిగాడు. పనిమీద వెళ్లిందంది. రెండోసారి అడగలేదు. పిల్ల నిద్రపోయి ఉంటుందనుకున్నాడు. నాలుగు పూటలూ తిని, అరచేతులు చాచి, ఈ ఇల్లు చల్లగా ఉండాలని దీవించి, అక్కడే బొంతల మీద పడుకున్నాడు.

ఆ సాయంత్రం కూడా కారు ఏడూ యాభైకే కదిలింది. అతనూ అప్పుడే కదిలాడు. దానికి సిగ్గుపడ్డాడు గానీ ముందు లేవలేకపోయాడు.

"అమ్మా, ఇంకార్‌కి ఆపరేషన్ అయిందటగా," అన్నాడు, చివరి గోడ దగ్గర కూర్చున్నాక.

తల్లి రొట్టె పళ్లెం కింద పెట్టింది. "అయిందండీ. ఇప్పుడు బాగానే ఉంది. పడుకుంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"గుమ్మం తొక్కి వచ్చినవాళ్ల ముందు ఇంటి బాధలు విప్పుకుంటామా బాబూ? ముద్ద దిగుతుందా మీకు?"

ఆ మాటలో వెటకారం లేదు. ఆమెను అలాగే పెంచారు.

అప్పుడు రౌషన్ చాయ్ తెచ్చింది. చూపు గిన్నె అంచు మీద నిలిపి, చాలా నెమ్మదిగా నడిచింది. యాభై అడుగుల్లో ఒక్క చుక్క ఒలకలేదు. గిన్నె నిండుగా ఉంది.

"రౌషన్. నిండా పోశావు."

"పోశానండీ."

"నేనెక్కడికి వెళ్లాలి?"

"మీ ఇల్లెక్కడో మాకేం తెలుసు?" అందామె. "అది మీకే తెలియాలి."

తాగకపోతే పెట్టినవాళ్లను అవమానించినట్టు. తాగితే లేవాలి. ముఖిత్ గిన్నెను రెండు చేతులతో పట్టుకుని, చాయ్ చల్లారి మీగడ కట్టేదాకా అలాగే కూర్చున్నాడు.

మర్నాడు ఆరు గంటలకు కంప్యూటర్ ఆపేసి, కుర్చీ బల్ల కిందికి నెట్టాడు. ఆ చప్పుడుకు పది తలలు లేచాయి.

"ఎక్కడికి?" సగీరా గుసగుసగా అడిగింది.

"ఇంటికి."

"కారు అక్కడే ఉంది."

"చూశాను."

"ఎవరైనా అడిగితే మేనమామ పోయాడని చెప్పు. నీకు మేనమామలు లేరుగా, ఎవరికీ తగలదు."

మెట్ల మీద పెద్దాయనే ఎదురొచ్చాడు. పేరు తోక్తాసిన్. అరవైకి దగ్గరపడ్డ మనిషి, చెడ్డవాడు కాదు. ముఖిత్ భుజాన సంచీ చూసి ఆయన ముఖం నిజంగానే దిగాలుపడింది.

"ఏం తమ్ముడూ, ఎవరైనా పోయారా?"

మేనమామ నాలుక చివరిదాకా వచ్చాడు.

"ఎవరూ పోలేదు అగా. ఆరయింది."

పెద్దాయన తన గడియారం చూసుకున్నాడు, తప్పు దాన్లో ఉన్నట్టు. "అందరూ కూర్చునే ఉన్నారు. నీకు సిగ్గుగా లేదూ?"

"ఉంది అగా," అన్నాడు ముఖిత్. మెడ దాకా ఎర్రబడ్డాడు. "రెండు చోట్లా ఉంది. ఇక్కడిది కొంచెం నయం."

ఆవరణ దాటడానికి నలభై అడుగులు. ఆ నలభై అడుగులూ కిటికీలన్నీ అతని వీపు మీదే ఉన్నాయి. గేటు దాటాక సంచీ రెండో భుజానికి మార్చుకుని నడిచాడు.

ఇంటికి చేరేసరికి ఆరూ నలభై అయిదు. దస్తర్‌ఖాన్ ఇంకా చుట్టే ఉంది. వంటింట్లో రౌషన్ బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. ముఖిత్ ఆ చుట్ట విప్పి తనే పరిచాడు, గుమ్మం దగ్గర మొదలుపెట్టి. మూడు గజాలు పరిచి ఆపేశాడు. మిగతాది అలాగే చుట్టి వదిలేశాడు. చెప్పుల పక్కన, వట్టి నేల మీద కూర్చున్నాడు.

"ఆ చివరి గోడ దగ్గరికి దయచేయండి బాబూ," అంది కుల్యాష్. "ఇక్కడ చలిగాలి."

మూడుసార్లు బతిమాలడం పద్ధతి. ఆమె మూడుసార్లూ బతిమాలింది. మూడోసారి అతను, "ఇక్కడ బాగుందమ్మా. కత్తి ఇటివ్వు, రొట్టె కోస్తాను," అన్నాడు.

ఇంకార్ ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, రెండో చేత్తో చెంబు పట్టుకుని లోపలికొచ్చింది. గది చివరిదాకా చూసింది. బొంతలు ఖాళీగా ఉన్నాయి.

"ఆయన రాలేదా?" అని అడిగింది.

"ఇవాళ ఎవరూ రారమ్మా," అన్నాడు ముఖిత్.

పిల్ల చెంబు కింద పెట్టింది.

రౌషన్ మరిగే నీళ్లతో వచ్చి గుమ్మంలో ఆగింది. "ఆ కాళ్లు కాస్త తియ్యి. దారికడ్డంగా కూర్చున్నావు."

ఆర్నెల్ల తర్వాత ఆమె అతన్ని కసురుకోవడం అదే మొదటిసారి. ముఖిత్ కాళ్లు ముడుచుకున్నాడు. తల ఎత్తలేదు.

ఆ రోజు గోడ కదల్లేదు. మర్నాడు వేలెడు ముందుకొచ్చింది. ఆ మర్నాడు ఇంకో వేలెడు. జానెడు చొప్పున వెళ్లినది వేలెడు చొప్పునే వస్తోంది. కుల్యాష్ భోజనాల గుడ్డ కుట్లు విప్పలేదు. విప్పడానికి ఇంకా చాలా టైముందంది.

సోమవారం ఆఫీసు గోడ మీద కాగితం అంటించారు. ముఖిత్‌ను ఎడమ కాలువ మూడో తూముకు వేశారు. పొద్దున ఏడు నుంచి సాయంత్రం నాలుగు దాకా. రెండు మెట్లు తక్కువ హోదా, జీతమూ ఆ మేరకే. దాన్ని చదువుతున్నవాళ్లు అతను రాగానే పక్కకు తప్పుకున్నారు.

"మేనమామను చంపేసి ఉంటే సరిపోయేదిరా," అంది సగీరా, ముక్కు చీదుకుంటూ.

ఆ సంగతి ఇంట్లో ఎలా చెప్పాలా అని దారంతా మాటలు వెతుక్కున్నాడు. చెప్పేటప్పుడు రౌషన్ మొహంలోకి చూడలేదు.

"నాలుగింటికి అయిపోతుందా?" అని మాత్రం అడిగిందామె.

"ఇంటికొచ్చేసరికి నాలుగున్నర."

"అయితే రేపు కుట్లు విప్పించడానికి నువ్వు తీసుకెళ్లు. నాకు కాళ్లు నొప్పులు."

మంగళవారం సాయంత్రం ఇంకార్‌ను సైకిల్ ముందు కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాడు. కుట్లు విప్పుతున్నప్పుడు ఆమె అతని బొటనవేలు పట్టుకుంది. ఏడవలేదు, నాన్నా అని గానీ అగా అని గానీ పిలవనూ లేదు. నర్సు దస్త్రం తిప్పి అతని ముందు పెట్టింది, తండ్రి సంతకం కోసం. సంతకం చేయాల్సిన చోటికి పైన, పాత సిరాతో ఒక వరుస రాసి ఉంది. 'శుక్రవారం, సాయంత్రం 4:20. ఆపరేషన్‌కు ముందు తండ్రికి తల్లి ఫోన్ చేశారు. సమావేశంలో ఉన్నానని, తర్వాత చేస్తానని సందేశం వచ్చింది.'

ముఖిత్ తన ఫోన్ తీసి పాత సందేశాల్లో వెతికి చూశాడు. సందేశం ఉంది. ఫోన్ మోగగానే ఒక్క వేలితో నొక్కితే దానంతటదే వెళ్లే సందేశం. ఆ వారంలో అలాంటివి తొమ్మిది పంపాడు.

ఆ శుక్రవారం ఆఫీసులో సమావేశమేదీ జరగలేదు.