ఎర్ర గుర్తుల వీధి

లెక్కల టీచరుకు రెండోసారి ఫిట్స్ రావడానికి కారణం జబ్బు కాదు, రోడ్డు. ఆవిడ అందరికీ ఇదే మాట చెప్పింది. అందులో అబద్ధం కూడా లేదు.

మొదటిసారి వచ్చినప్పుడు డాక్టరు ఇక బండి నడపకూడదన్నాడు. సరేనని తాళాలు డబ్బాలో పడేసింది. ఊరి చివర కాలనీలో ఇల్లు. చుట్టూ పచ్చగడ్డి, అందమైన గేట్లు, వెతికినా ఒక్క కొట్టు లేదు. మందుల షాపు మాత్రం మేడ మీది కిటికీలోంచి కనిపిస్తుంది, రోడ్డుకు అవతల. ఆ రోడ్డు మీద బండ్లు ప్రాణం పోయినా ఆగవు. మనుషులు దాటడానికి ఎక్కడో దూరంగా ఒక ఇనుప వంతెన, దానికి ఎక్కలేనన్ని మెట్లు. ఫిట్స్ ఉన్న మనిషి ఒంటరిగా అది ఎక్కకూడదు. మాత్రలు అయిపోయాయని తమ్ముడికి ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నానన్నాడు. మర్నాడు కూడా మీటింగే అన్నాడు. ఆ మరుసటి రోజు ఆవిడ వంటింట్లో పడిపోయింది. గడ్డానికి కుట్లు పడ్డాయి.

ఆ రోడ్డు వేసింది సాక్షాత్తూ ఆ తమ్ముడే. రోడ్ల ఇంజనీరు. దానికి మెడల్ కూడా ఇచ్చారు.

బండి పోవడంతో బడి ఉద్యోగం పోయింది. ఉప్పు దగ్గర్నుంచి గుండీ దాకా ఏది కావాలన్నా తమ్ముణ్ణి అడగాలి. ఒకరోజు వాడు ఫోన్లో ఎవరితోనో, "మా అక్కకి జీతం లేని డ్రైవర్నయ్యాను" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నవ్వుతూ అన్నంత మాత్రాన గుచ్చుకోకుండా పోతుందా? ఆవిడకు ఒళ్ళు మండిపోయింది.

"ఒరేయ్, కారుతో పని లేని ఊరు ఒకటి చూపించు. అక్కడే అద్దెకుంటాను. నీకూ నీ కారుకూ ఓ నమస్కారం" అంది.

ఇంజనీరు మర్నాడే వాళ్ళ శాఖ అచ్చు వేయించిన రంగుల పుస్తకం పట్టుకొచ్చాడు. పేరు 'పాదచారుల స్వర్గాలు'. ఇద్దరూ కారులో బయల్దేరారు.

మొదటి ఊరి నడిబొడ్డు నిజంగానే కన్నులపండుగగా ఉంది. నున్నటి రాళ్ళు పరిచిన వీధి, పూలకుండీలు, వంపులు తిరిగిన దీపస్తంభాలు. ఇంజనీరు ఆ వీధంతా తన సొంతమైనట్టు, "చూశావా!" అన్నాడు. ఆవిడ చూసింది. సెంట్ల కొట్టు, గాజుబొమ్మల కొట్టు, మళ్ళీ సెంట్ల కొట్టు.

"కోడిగుడ్లు ఎక్కడ దొరుకుతాయమ్మా?" అని కొట్లో పిల్లను అడిగింది.

"గుడ్లా? కారులో వెళ్తే పది నిమిషాలండీ."

"మరి నువ్వెక్కడుంటావు?"

"ఇక్కడెవరుంటారండీ! షట్టర్లు దించాక కుక్క కూడా ఉండదు."

"ఇది ఊరు కాదురా, ఎగ్జిబిషన్" అంటూ టీచరు కారెక్కేసింది.

రెండో ఊళ్ళో ఇళ్ళ బ్రోకరు ఎదురొచ్చి, "అన్నీ నడక దూరమే మేడమ్" అన్నాడు. "అయితే పదండి, నడుద్దాం" అంటే, ఏదో జోకు విన్నట్టు నవ్వి తన కారు తలుపు తీశాడు. ఆవిడ వినిపించుకోకుండా నడిచింది. ఫుట్‌పాత్ కొంతదూరం బుద్ధిగా వెళ్ళి, ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ తిరిగి, మురిక్కాలవలో దిగిపోయింది. కూరగాయల మార్కెట్టు అరుపులు వినిపిస్తున్నాయి, మధ్యలో నిలువెత్తు గోడ.

"ఈ గోడకు తలుపు లేదా?"

"సెక్యూరిటీ మేడమ్. చుట్టూ తిరిగి వెళ్ళాలి. కారులో మూడే నిమిషాలు."

"మీరెప్పుడైనా నడిచి వెళ్ళారా?"

"నాకేం ఖర్మ మేడమ్?"

ఆ ఖర్మే తనకు అంటగట్టబోయాడని ఆవిడ మండిపడింది. తమ్ముడు మాత్రం, "నీకేదీ నచ్చదక్కా" అని విసుక్కున్నాడు. ఆ మాట అనడానికి వాడికి నోరెలా వచ్చిందో!

తిరుగు దారిలో ఏటి మీది వంతెన రిపేరు. బండ్లన్నిటినీ ఒక పాత ఊరి మీదుగా మళ్ళించారు. రంగుల పుస్తకంలో ఆ ఊరి పేరే లేదు. వీధిలోకి తిరగ్గానే కారు ఇరుక్కుపోయింది. జనం సొంత వాకిట్లో తిరిగినట్టు కారుకు అడ్డంగా తిరుగుతున్నారు. ఒక ముసలాయన బానెట్ మీద చెయ్యి ఆనించి తీరిగ్గా చెప్పులో రాయి తీసుకున్నాడు. ఇంజనీరు హారన్ మోగించి మోగించి అలిసిపోయాడు.

"ఇదీ ఒక ఊరేనా! కారు పట్టే సందు లేదు!"

టీచరు అద్దం దించింది. రొట్టెల వాసన లోపలికొచ్చింది. ఇద్దరు ఆడవాళ్ళు కుర్చీలేసుకుని ఏ ధర గురించో, ఎవరి కోడలి గురించో తగువు పడుతున్నారు. తాళాల కొట్టు మీద 'అద్దెకు' అన్న బోర్డు వేలాడుతోంది.

"ఒరేయ్, ఆపు."

"ఆగే ఉందిగా!"

మేడ మీద రెండు గదులు, వీధిలోకి ఒక పెద్ద కిటికీ. తాళాలాయన పంపు తిప్పి నీళ్ళొస్తాయని చూపిస్తున్నాడు గానీ టీచరు నీళ్ళు చూడలేదు. కిటికీలోంచి తల బయటపెట్టింది. రొట్టెల కొట్టు, ఇస్త్రీ బండి, ఆ పక్కన మందుల షాపు. ఇదే వరసలో. రోడ్డు దాటక్కర్లేదు. ఆవిడకు ఏడుపొచ్చేసింది. పరాయివాడి ముందని కూడా చూడకుండా ఏడ్చింది.

కిందికొచ్చాక గోడ మీద ఎర్ర రంగుతో వేసిన గుర్తు, కింద ఒక నంబరు కనిపించాయి. రొట్టెల కొట్టు గోడ మీదా ఉంది. మందుల షాపు మీదా ఉంది.

"ఇదేమిటండీ?"

"రోడ్డు వెడల్పు చేస్తారటమ్మా. ఈ వరసంతా పోతుంది. అందుకే ఎవరూ అద్దెకు రావడం లేదు" అన్నాడు తాళాలాయన.

టీచరు తమ్ముడి వైపు తిరిగింది. వాడు చెవి గోక్కుంటున్నాడు. చిన్నప్పుడు చక్కెర డబ్బా ఖాళీ అయిన రోజున కూడా ఇలాగే గోక్కున్నాడు.

"నీదేనా?"

"డిపార్ట్‌మెంట్‌ది."

"సంతకం?"

ఇంజనీరు నేల చూపులు చూశాడు. "మ్యాపులో ఇలా ఉండదక్కా. ఇరుకు రోడ్డని తెలుస్తుంది, అంతే."

"వచ్చి చూడకుండానే పెట్టావా?"

"వచ్చాం. కారు ఆపుకోడానికి చోటు లేదని వీధి మొదట్లోంచే వెనక్కి వెళ్ళిపోయాం."

టీచరు తమ్ముడి మణికట్టు పట్టుకుంది. ఎంతోమంది పిల్లల్ని బెంచీ ఎక్కించిన చెయ్యి అది, విడిపించుకోవడం వాడి తరం కాలేదు. రొట్టెల కొట్టుకు లాక్కెళ్ళింది.

"ఈయన మా తమ్ముడు. మీ కొట్టు పడగొట్టేది ఈయనే. పరిచయం చేసుకోండి."

తమ్ముడనగానే రొట్టెలాయన పిండి చెయ్యి తుడుచుకుని ముందుకు చాపాడు. మిగతా మాట విన్నాక ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది.

సంగతి వింటూనే ఇస్త్రీ ఆవిడ, "కూర్చోండి బాబూ" అని స్టూలు జరిపింది. జరిపాక అడిగింది. "నేనెక్కడికి పోవాలి బాబూ?"

"మీకు నష్టపరిహారం..."

"నేనడిగింది ఎక్కడికని."

ఆ సంగతి ఇంజనీరు మ్యాపులో ఉండి ఉండదు.

మందుల షాపులో టీచరు చీటీ ఇచ్చింది. షాపావిడ చూసి అరలోంచి ఒక పెట్టె తీసి ఇచ్చింది. అంతే, అంత సేపే పట్టింది. టీచరు ఆ పెట్టె తమ్ముడి మొహం ముందు పెట్టింది.

"నువ్వు రెండు రోజులు తేలేకపోయిన మాత్రలురా ఇవి. నేనిప్పుడే నడిచొచ్చి కొనుక్కున్నాను. ఈ షాపు మీద కూడా గుర్తు పెట్టావు."

వాడి కళ్ళు ఆవిడ గడ్డం మీది కుట్ల మచ్చ దగ్గర ఆగిపోయాయి. "అక్కా" అన్నాడు.

ఆవిడ వెనక్కి నడిచి, తన సంచీ తాళాలాయన బల్ల మీద పెట్టింది. "గదులు నాకే. ఇవాళే దిగుతున్నాను."

"కూలిపోయే ఇంట్లో ఉంటావా?" ఇంజనీరు అరిచాడు.

"కూల్చేది నువ్వేగా. వచ్చేముందు ఫోన్ చెయ్. ఆ కిటికీలోనే కూర్చుని ఉంటాను."

"పిచ్చి పట్టిందా? పద, కారెక్కు!"

"నీకు జీతం లేని ఉద్యోగం తప్పిందిరా. వెళ్ళు."

వాడు మొహం ఎర్రగా చేసుకుని కారెక్కాడు. ముందు తోపుడు బండి, వెనక గ్యాసు బండి. హారన్ మోగించాడు. ఎవరూ పక్కకు జరగలేదు. జరగడానికి అక్కడ పక్కంటూ ఉంటే కదా!

టీచరు మేడెక్కి, పంపు నీళ్ళతో మాత్ర వేసుకుని కిటికీ దగ్గర నిలబడింది. కాసేపటికి హారన్ ఆగింది. ఇంజనీరు కారు దిగి, గోడ మీది ఎర్ర గుర్తు ముందు నిలుచున్నాడు. వేలితో గీకి చూశాడు. అది అంత తేలిగ్గా పోయే రంగు కాదని వాడికి తెలుసు, టెండరు పిలిచింది వాడే. చివరికి తలెత్తాడు.

"అక్కా, ఒకసారి కిందికి రా. మాట్లాడుకుందాం."

"నువ్వే పైకి రా" అంది టీచరు. "నీ ఇనుప వంతెనకు ఉన్నన్ని మెట్లు లేవులే ఇక్కడ."