ఎర్తు వైరు

ఆ నాటకశాలలో దీపాలు చూసుకునే ఆవిడను ఆమె ఆడపడుచు వదినా అని పిలిచేది. వినీ వినీ దర్శకుడితో సహా అందరికీ ఆవిడ వదినే అయిపోయింది. రంగస్థలం వెనక ఇరుకు గదిలో కూర్చుని, దీపాలకు కావలసిన పొడుగు కేబుళ్లన్నీ తన చేత్తోనే తయారుచేసేది. ఒక కొసకు ప్లగ్గు, మరో కొసకు సాకెట్టు, లోపల మూడు వైర్లు. మరలు బిగించాక రెండు కొసలూ గట్టిగా లాగి చూసేది. తర్వాత మీటరు పెట్టి, ఎర్తు వైరు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా సరిగ్గా అందుతోందో లేదో చూసేది. దీపం లోపల వైరు పాడై ఇనప బాడీకి తగిలినా, ఫ్యూజు ఎగరగొట్టి మనిషిని కాపాడేది ఆ ఎర్తు వైరే.

ఆడపడుచు నటి. మనసు మంచిదే కాని నోరు ఆగదు. కొత్త నాటకం రిహార్సలు మొదలయ్యే రోజు పొద్దున గది గుమ్మంలో నిలబడి, పదిమందీ వినేలా అంది.

"మా వదిన ప్లగ్గు బిగించేలోగా నాకు ముసలి వేషాలొచ్చేస్తాయి. కాస్త తెమల్చు వదినా."

అందరూ నవ్వారు. వదినా నవ్వింది కాని, లోపల ఒళ్లు మండిపోయింది. మిగిలిన కేబుళ్లు చకచకా ముగించి, లాగి చూడకుండా, మీటరు పెట్టకుండా తీసుకెళ్లి రంగస్థలం మీద పడేసింది. 'త్వరగా కావాలన్నావుగా, తీసుకో' అనుకుంది.

ఆ మధ్యాహ్నం ఆడపడుచు సంభాషణ చెబుతూ చెబుతూ పక్కనున్న దీపం స్టాండు పట్టుకుంది. మాట ఆగిపోయింది. చెయ్యి ఊడి రాలేదు. మిగతావాళ్లు అదీ నటనే అనుకున్నారు. వదిన మాత్రం పరుగున వెళ్లి మెయిన్ స్విచ్చి ఆపేసింది. ఆడపడుచు రంగస్థలం మెట్ల మీద పడిపోయింది. అరచెయ్యి కాలింది, భుజం ఎముక విరిగింది.

ఆమెను ఆసుపత్రికి పంపాక దర్శకుడు దీపం విప్పించాడు. వేడికి లోపలి వైరు పైపొర మాడిపోయి బాడీకి తగులుతోంది.

"పాత సామాను. అవతల పారేయండి," అన్నాడు. తర్వాత వదినతో, "నువ్వు లేకపోతే ఆ అమ్మాయి మనకు దక్కేది కాదు," అన్నాడు.

వదిన ఆ దీపం కేబులు చుట్టుకుని గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. సాకెట్టు విప్పి చూసింది. ఎర్తు వైరు మర కింద లేదు. ఊడిపోయి పక్కకు ఒరిగి ఉంది. గబగబా వైరును మళ్లీ మర కిందికి తోసి బిగించేసింది.

ఆ రాత్రి భర్త ఆవిడ చెయ్యి పట్టుకుని, "మా చెల్లిని బతికించావు," అన్నాడు. ఆవిడ చెయ్యి విడిపించుకుని కంచాలు తీసింది.

మర్నాడు పొద్దున్నే దర్శకుడు ఫోను చేశాడు. వేషం మరో నటికి ఇచ్చామని, దీపం మార్చామని, మధ్యాహ్నం రిహార్సలని చెప్పాడు. ఫోను పెట్టేశాక వదినకు గుర్తొచ్చింది. కోపంలో చేసిన మిగతా కేబుళ్లు ఇంకా అక్కడే ఉన్నాయి. ముందుగా వెళ్లి గుట్టుగా సరిచేసేస్తే సరిపోతుందనిపించింది. అలా అనిపించినందుకే తన మీద తనకు రోత పుట్టింది. తిన్నగా ఆసుపత్రికి వెళ్లింది.

"నీకు షాకు కొట్టడానికి దీపం ఒక్కటే కారణం కాదు," అంది మంచం పక్కన కూర్చుని. "నా కేబుల్లో ఎర్తు ఊడిపోయింది. పరీక్షించి ఉంటే తెలిసేది. పరీక్షించలేదు."

ఆడపడుచు కట్టు కట్టిన అరచేతిని చూసుకుంది.

"నేను తొందరపెట్టాననా?"

"నువ్వన్నదానికి కోపమొచ్చింది. నిన్ను నాలుగు తిట్టి ఊరుకోవాల్సింది. పని పాడుచేశాను."

"నిన్ననే ఎందుకు చెప్పలేదు?"

"అందరూ మెచ్చుకుంటుంటే నోరు పెగల్లేదు. ఎవరికీ తెలియకుండా మళ్లీ బిగించేశాను కూడా."

ఆడపడుచు దిండు మీంచి తల ఎత్తింది.

"అట్లాంటివి ఇంకా ఉన్నాయా?"

"తెలీదు."

"మరి ఇక్కడ కూర్చున్నావేం?"

నాటకశాలలో వదిన కేబుళ్లన్నీ తెచ్చి దర్శకుడి ముందు పరిచింది. దాచకుండా జరిగింది చెప్పి, ఒక్కొక్కటే విప్పింది. చాలావరకు బాగానే ఉన్నాయి. ఒకదాంట్లో మాత్రం ఎర్తు వైరు సన్నటి పోగు మీద వేలాడుతోంది. అది చూసి కొత్త నటి వెనక్కి జరిగింది.

"కళ్లు మూసుకుని నమ్మాను నిన్ను," అన్నాడు దర్శకుడు. "ఇక నువ్వు చేసిన ప్రతిదీ ఇంకొకరు పరీక్షించాకే పైకి రావాలి."

"నేనూ అదే అడుగుదామనుకున్నాను," అంది వదిన.

సాయంత్రం భర్త అంతా విని, "చెల్లికి నువ్వే చెప్పావా?" అన్నాడు.

"నేనే."

"మంచిది," అని బయటికి వెళ్లిపోయాడు. ఆ మంచిదిలో మంచేమీ వినిపించలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆడపడుచు వదిన ఇంట్లోనే ఉంది. ఏం కావాలన్నా గోడకు చెప్పినట్టు చెప్పేది. ఒంటి చేత్తో తల దువ్వుకోవడం కుదరక జుట్టంతా చిక్కులు పడిపోయింది. చివరికి ఒకరోజు దువ్వెన తెచ్చి, వదిన ముందు వీపు పెట్టి కింద కూర్చుంది. వదిన ఓపిగ్గా చిక్కులు తీసింది.

"నొప్పి పుడుతోందా?"

"లేదు." తల తిప్పకుండానే, "నాకింకా కోపంగానే ఉంది," అంది ఆడపడుచు.

"ఉండనీ," అంటూ వదిన జుట్టు మూడు పాయలు చేసి జడ అల్లసాగింది.